పూసకట్టిన పొర

డిసెంబరు చివర్లో హైదరాబాద్ శివార్లలోని దమ్మాయిగూడలో తెల్లవారుజాము చలి గట్టిగానే ఉంటుంది. వరుసగా లేచిన కొత్త ఇళ్ల మధ్య ఇంకా పునాది కూడా తీయని ప్లాట్లు చాలానే మిగిలాయి, గాలికి అడ్డం తక్కువ. అలాంటి ఒక పొద్దున ఏ వంటింట్లోనైనా నెయ్యి సీసా మూత తీసి చూడవచ్చు. అడుగున తెల్లటి పూసలు పేరుకుని ఉంటాయి. వాటి సందుల్లో పసుప్పచ్చటి నెయ్యి ఇంకా కదులుతూ ఉంటుంది. అంతా గడ్డకట్టలేదు, అంతా కరిగీ లేదు. ఇంట్లో పెద్దావిడ చెంచాతో కదిపి చూసి, "పూస కట్టింది, మంచి నెయ్యే" అని తేల్చేస్తుంది. అదే గట్టు మీదున్న పొద్దుతిరుగుడు నూనె మాత్రం రాత్రి ఎలా ఉందో పొద్దునా అలాగే ఉంటుంది.

తేడా అంతా కొవ్వు అణువుల తోకల్లో ఉంది. కొన్ని తోకలు తిన్నగా ఉంటాయి, పొట్లంలో అగరొత్తుల్లా ఒకదానికొకటి ఆనుకుని సర్దుకుంటాయి. కొన్ని మధ్యలో మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంటాయి. పక్కనున్నదాన్ని దగ్గరకు రానివ్వవు, అందుకే చలికీ గట్టిపడవు. నెయ్యిలో రెండు రకాలూ ఉన్నాయి. చలి పెరిగేసరికి తిన్నటి తోకలవన్నీ ఒకచోట చేరి పూసలవుతాయి, వంకర తోకలవి చుట్టూ ద్రవంగా మిగిలిపోతాయి.

మనిషి ఒంట్లో ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర కూడా ఇలాంటి కొవ్వులతోనే తయారైంది. ముప్పై ఏడు డిగ్రీల ఒంటి వేడిలో కూడా ఆ పొరలో పూసల్లాంటివి కడుతుంటాయని, "పెరుగు", "చీలు", "ఆగు" అంటూ కణానికి బయటి నుంచి వచ్చే కబుర్లు లోపలికి చేరడంలో వాటి చెయ్యి ఉందని జీవశాస్త్రజ్ఞులు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒప్పుకునే ముందు బాగా తగవు కూడా పడ్డారు.

ఈ పొరను కణత్వచం అంటారు. దాని మందం సుమారు అయిదు నానోమీటర్లు. రెండు లక్షల పొరలు దొంతర పెడితే ఒక మిల్లీమీటరు. ఇది రెండు వరసల కొవ్వు అని 1925లో హాలెండ్‌లో గోర్టర్, గ్రెండెల్ లెక్క కట్టారు. ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటి మీద ఒక్క వరసగా పరిస్తే, అది ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు చోటు ఆక్రమించింది. ఆ తర్వాత చాలాకాలానికి, 1972లో, సింగర్, నికల్సన్ ఇచ్చిన చిత్రమే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది: కొవ్వు ఒక చెరువు, అందులో ప్రోటీన్లు తేలుతూ తిరుగుతుంటాయి. చిత్రం బాగుంది. చిక్కల్లా ఒక్కటే. అందులో చెరువు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది.

ఒకేలా ఉండదని 1997లో కాయ్ సైమన్స్, ఎలీనా ఇకోనెన్ గట్టిగా వాదించారు. పొరలో స్ఫింగోలిపిడ్లు అనే ఒక జాతి కొవ్వులున్నాయి. వాటి తోకలు పొడుగ్గా, తిన్నగా ఉంటాయి. కొలెస్ట్రాల్‌కు వీటి పొత్తు బాగా కుదురుతుంది. రెండూ చేరిన చోట పొర కాస్త మందంగా, కాస్త పొందికగా మారుతుంది. నెయ్యి పూసలాగా గట్టిపడదు. ద్రవంగానే ఉంటుంది గానీ క్రమం ఉన్న ద్రవం. ఆ ఇద్దరూ దీనికి పెట్టిన పేరు 'రాఫ్ట్', మన మాటలో తెప్ప. పేరు ముచ్చటగా ఉంది కాబట్టే త్వరగా వ్యాపించింది, గందరగోళాన్నీ వెంట తెచ్చింది. తెప్ప అనగానే దుంగలు కట్టి చేసిన, గంటల తరబడి తేలే వస్తువు కళ్ల ముందుకొస్తుంది. కణంలో ఉన్నది అది కాదు.

దానికి దగ్గరి పోలిక హైదరాబాద్ తూర్పు వైపు వీధుల్లోనే దొరుకుతుంది. పొద్దున్నే ఏ పెద్ద చౌరస్తాలో చూసినా కూలీల అడ్డా ఉంటుంది. గోడ లేదు, బోర్డు లేదు. మేస్త్రీలు, సున్నం వేసేవాళ్లు, తట్ట మోసేవాళ్లు వచ్చి నిలబడతారు. పని ఉన్నవాడు బండి మీద నేరుగా అక్కడికే వస్తాడు, అయిదు నిమిషాల్లో బేరం కుదురుతుంది. పది గంటలకల్లా అక్కడ టీ కప్పులు తప్ప ఏమీ మిగలవు. అదే యాభై మంది ఉప్పల్ నుంచి ఈసీఐఎల్ దాకా ఒక్కొక్కరుగా చెదిరి నిలబడితే మనుషులు అంతే మంది, పని మాత్రం కుదరదు. కణత్వచంలోని ఈ చిన్న ప్రాంతాలు అలాంటి అడ్డాలు. సెకనులో చిన్న భాగం పాటు ఏర్పడి, చెదిరి, మళ్లీ ఇంకోచోట ఏర్పడతాయి.

ఇక అక్కడికి వచ్చే కూలీల సంగతి, అంతకంటే ముందు వాళ్లను పిలిచేవాడి సంగతి.

అమెరికాలో స్టాన్లీ కోహెన్ 1950ల చివర్లో ఎలుకల లాలాజల గ్రంథుల రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు సూదితో ఎక్కించాడు. అతను వెతుకుతున్నది నాడులను పెంచే పదార్థం కోసం. కానీ ఆ పిల్లలు రెండు వారాలకు తెరవాల్సిన కళ్లు వారానికే తెరిచాయి, పళ్లు కూడా ముందే వచ్చాయి. వేరొకరైతే కలుషితమైన రసం అని పారబోసేవారు. కోహెన్ ఆ వింత వెంటపడి, చర్మకణాలను పెరగమని తొందరపెట్టే ఒక చిన్న ప్రోటీన్‌ను వేరుచేశాడు. దాని పొడవు 53 అమైనో ఆమ్లాలు. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, ఈజీఎఫ్. నాడుల వృద్ధి కారకాన్ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీతో కలిసి 1986లో అతనికి నోబెల్ వచ్చింది. మనుషుల ఉమ్ములోనూ ఈజీఎఫ్ ఉంది. పొలంలో వేలు తెగితే చటుక్కున నోట్లో పెట్టుకునే అలవాటుకు ఇది కొంత సమర్థనే, ఉమ్ములో ఉండే బాక్టీరియా సంగతి మరిచిపోనంత వరకు.

ఈజీఎఫ్ కణం లోపలికి పోయి ఏమీ చెప్పదు. పొరలో దిగబడి ఉన్న గ్రాహకానికి, అంటే రిసెప్టర్‌కు, తగులుకుంటుంది. గ్రాహకం తల బయట, నడుము పొరలో, కాళ్లు కణం లోపల. ఒంటరి గ్రాహకానికి ఈ పని చేతకాదు. ఈజీఎఫ్ తగలగానే రెండు గ్రాహకాలు జతకడతాయి. లోపలున్న భాగాలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ గుర్తులు వేసుకుంటాయి. ఆ గుర్తులు చూసి ఒక ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది, అది రాస్ అనే ఇంకో ప్రోటీన్‌ను లేపుతుంది, రాస్ ఇంకొకదాన్ని లేపుతుంది, చివరికి ఎర్క్ అనే ఎంజైము కేంద్రకంలోకి వెళ్లి "చీలే సమయమైంది" అన్న కబురు అందిస్తుంది.

ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ నుంచి. అది కండరాల్లో ఉందని 1929లో బయటపెట్టినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేసిన ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే తేల్చాడు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్క్, సుబ్బారావు ఇచ్చిన పద్ధతి 1925 నాటిది. హాలెండ్‌లో కణత్వచం రెండు వరసలని తేలిందీ ఆ ఏడాదే. ఒకరి పని ఇంకొకరికి ఎప్పుడు అవసరపడుతుందో అప్పుడు ఎవరికీ తెలిసే వీలులేదు.

జత కట్టాలంటే ముందు రెండు గ్రాహకాలు ఎదురుపడాలి. పొర మీద అవి ఎక్కడ నిలబడి ఉన్నాయన్న ప్రశ్న ముఖ్యమయ్యేది ఇక్కడే. ప్రయోగశాలల్లో దీన్ని పరీక్షించే తేలిక దారి పొరలోంచి కొలెస్ట్రాల్‌ను లాగేసి చూడటం. మిథైల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర ఉంగరం ఉంది. దాని నడిమి బోలులో కొలెస్ట్రాల్ అణువు ఇరుక్కుని బయటికి వచ్చేస్తుంది. ఈ ఉంగరాన్ని కణాల మీద పోస్తే అడ్డాలు చెదిరిపోతాయి, ఈజీఎఫ్ కబురు మూగబోతుంది అనుకున్నారు చాలామంది. 2002లో వచ్చిన ఫలితాలు అందుకు తలకిందులుగా ఉన్నాయి. మెరిలిన్ రెష్ బృందం చూసిన కణాల్లో కొలెస్ట్రాల్ తీయగానే, ఈజీఎఫ్ చుక్క కూడా లేకుండానే గ్రాహకాలు లేచి కూర్చున్నాయి. సెయింట్ లూయిస్‌లో లిండా పైక్ బృందం కూడా కొలెస్ట్రాల్ తగ్గితే గ్రాహకం ఈజీఎఫ్‌ను ఎక్కువగా పట్టుకుంటుందని చూపించింది.

అంటే ఆ చిన్న ప్రాంతం గ్రాహకాన్ని అదుపులో కూడా పెడుతోంది. అడ్డాలో నిలబడ్డ కూలీని ఎవరూ పిలవకపోతే కదలనివ్వని పెద్దమనిషి ఒకడు అక్కడే ఉన్నట్టు.

ఆ పెద్దమనుషుల్లో ఒకరిని 2011లో డ్రెస్డెన్‌లో సైమన్స్ బృందం పట్టుకుంది. వాళ్లు కణాన్ని పూర్తిగా పక్కన పెట్టారు. శుద్ధి చేసిన ఈజీఎఫ్ గ్రాహకాన్ని, తామే ఎంచుకున్న కొవ్వులతో చేసిన చిన్న బుడగల్లో అమర్చారు. ఇక ఏ కొవ్వు ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా చూడవచ్చు. జీఎం3 అనే గాంగ్లియోసైడ్, అంటే తలకు చక్కెర గొలుసు తగిలించుకున్న ఒక స్ఫింగోలిపిడ్, పూసలు కట్టగల పొరలో ఉన్నప్పుడు ఈజీఎఫ్ మామూలుగానే వచ్చి అతుక్కుంది. కానీ లోపలి ఫాస్ఫేట్ గుర్తులు పడలేదు. తలుపు తట్టడం వినబడినా లోపలివాళ్లు లేవలేదన్నమాట. గ్రాహకంలో పొరకు కొంచెం పైన, 642వ స్థానంలో ఉన్న లైసీన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చేసరికి జీఎం3 పట్టు జారిపోయింది. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలున్న గ్రాహకంలో ఒక్కటి! ఈ రంగంలో ఇంత శుభ్రమైన ప్రయోగాలు ఎక్కువ లేవు.

ఇలాంటి ప్రశ్నల మీద పని ఇక్కడికి దగ్గర్లోనూ జరిగింది. దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడ చేరే దారి ఆఫీసు వేళల్లో ఓపిక పరీక్షిస్తుంది. నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు పరిశోధన చేసిపెట్టే అరాజెన్ ప్రయోగశాలలు ఉన్నాయి. మెయిన్ రోడ్డు ఎక్కాక తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లలోనే ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు వస్తాయి. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. మెట్రో కిటికీలోంచి చూసేవాడికి ఇవన్నీ చెట్ల వెనక గోడలు. పుష్పమిత్ర భార్గవ పట్టుదలతో 1977లో మొదలైన సీసీఎంబీలో, కణత్వచం ఏ కొవ్వుతో ఉంటే గ్రాహకం ఎలా నడుచుకుంటుందన్న ప్రశ్న మీద దశాబ్దాల పాటు పనిచేసిన వ్యక్తి అమితాభ చటోపాధ్యాయ. అప్పట్లో దేశంలోని పెద్ద సైన్సు పురస్కారమైన శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి ఆయనకు 2001లో దక్కింది.

ఆయన ఎంచుకున్న గ్రాహకం సెరటోనిన్ 1ఏ. ఇది వృద్ధి కారకాలను అందుకునే గ్రాహకాల కుటుంబంలోది కాదు. పొరను ఏడుసార్లు అటూ ఇటూ గుచ్చుకుంటూ పోయే ఇంకో పెద్ద కుటుంబానికి చెందింది. మనిషి ఆందోళనతో, దిగులుతో దీనికి సంబంధం ఉంది. అయినా ప్రశ్న అదే: చుట్టూ ఉన్న కొవ్వు మారితే గ్రాహకం వినడం మానేస్తుందా?

ఆ ప్రయోగం మొదలయ్యే చోటు ఆసక్తికరం. అద్దాల గది కాదు, కబేళా. ఊళ్లోని కబేళా నుంచి పశువు చనిపోయిన పది నిమిషాల్లోపు మెదడు తీసుకురావాలి. ఆలస్యమైతే గ్రాహకాలు పాడవుతాయి. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని జాగ్రత్తగా కోసి తీస్తారు. మంచు చల్లదనంలో రుబ్బి, గిర్రున తిప్పి పొరలను వేరుచేస్తారు. ఆ పొరల్లో సైక్లోడెక్స్‌ట్రిన్ కలుపుతారు, కొంచెం నుంచి ఎక్కువకు. ఒక్కో మోతాదుకు కొలెస్ట్రాల్ ఎంత పోయిందో ఒకవైపు కొలుస్తారు, రేడియోధార్మిక గుర్తు తగిలించిన మందు గ్రాహకానికి ఎంత అతుక్కుందో ఇంకోవైపు కొలుస్తారు. థామస్ పుకాడిల్‌తో కలిసి చటోపాధ్యాయ 2004లో ప్రచురించిన ఫలితంలో రెండు గీతలూ కలిసే కిందికి దిగాయి. కొలెస్ట్రాల్ పోయేకొద్దీ మందు అతుక్కోవడం తగ్గింది. తీసిన కొలెస్ట్రాల్‌ను తిరిగి పొరలోకి ఎక్కిస్తే పట్టు చాలావరకు తిరిగి వచ్చింది.

తర్వాత వచ్చిన ప్రయోగాలే అసలు ముచ్చట. సైక్లోడెక్స్‌ట్రిన్ మొరటు పనిముట్టు. కొలెస్ట్రాల్‌ను లాగేటప్పుడు పొర రూపమే మారిపోవచ్చు, అప్పుడు తప్పు కొలెస్ట్రాల్ లేకపోవడానిదా, పొర చెదిరిపోవడానిదా అన్నది తేలదు. అందుకని 2005లో అదే ప్రయోగశాలలో డిజిటోనిన్ వాడారు. ఇది కొలెస్ట్రాల్‌ను బయటికి లాగదు, ఉన్నచోటే కట్టిపడేస్తుంది. అప్పుడూ గ్రాహకం పట్టు సడలింది. కొన్నేళ్ల తర్వాత ఇంకా సూక్ష్మంగా వెళ్లారు: కొలెస్ట్రాల్‌కు కవల లాంటి ఎపీకొలెస్ట్రాల్‌ను బదులుగా పెట్టారు. రెండింటిలో ఉన్న పరమాణువులు అవే, అమరికా అదే. తలలోని ఒక్క హైడ్రాక్సిల్ గుంపు మాత్రం ఒకదానిలో ఒక వైపుకు, ఇంకోదానిలో ఇంకో వైపుకు తిరిగి ఉంటుంది. ఆ మాత్రం తేడాకే గ్రాహకం ఎపీకొలెస్ట్రాల్‌ను ఒప్పుకోలేదు. 2021లో వేరే దేశపు బృందం ఈ గ్రాహకాన్ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు దాన్ని అంటుకుని కొలెస్ట్రాల్ అణువులు నిజంగానే కనిపించాయి.

ఆ ప్రయోగశాల ఇంకో దారి కూడా తొక్కింది. కాలా అజార్ జ్వరాన్ని తెచ్చే లీష్మేనియా పరాన్నజీవి మన రక్షక కణాల్లోకి దూరాలంటే ఆ కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉండాలని, ఢిల్లీలోని రెంటాల మధుబాలతో కలిసి 2004లో చూపించింది. పొర సంగతి తెలిస్తే గుర్తు తెలియని దొంగ వచ్చే దారీ తెలుస్తుంది.

వృద్ధి కబురుకు ఇంకా దగ్గరి పని సీసీఎంబీలోనే గోపాల్ పాండే బృందం చేసింది. కణాలు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పరుపు మీద కాళ్లు చాపుకుని, పాకుతూ ఉంటాయి. గాయం మానేటప్పుడు చర్మకణాలు చేసేది ఇదే, కేన్సర్ కణం వలస పోయేటప్పుడు చేసేదీ ఇదే. 2007లో ప్రచురించిన ప్రయోగంలో, అలా పరుచుకున్న కణాల పొరలోంచి ఒక్కసారిగా కొలెస్ట్రాల్ తీసేశారు. సూక్ష్మదర్శిని కింద అవి కాళ్లు ముడుచుకుని గుండ్రంగా మారిపోయాయి, పరుపును వదిలేశాయి, పాకడం తగ్గించాయి. ప్లాస్టిక్ మీద గానీ వేరే ప్రోటీన్ మీద గానీ పెంచిన కణాల్లో ఇంత మార్పు లేదు. లోపల చూస్తే ఎర్క్ చురుకుదనం కూడా కొలెస్ట్రాల్‌ను బట్టి మారింది. ఈజీఎఫ్ కబురు చేరే చివరి తీగ కూడా ఈ ఎర్క్‌దే. బయటి గ్రాహకాలు వేరైనా తీగ ఒకటే, ఆ తీగ మీద కొవ్వు చెయ్యి ఉంది.

ఇదంతా వినడానికి సాఫీగా ఉన్నా, తెప్పలు ఉన్నాయా లేవా అన్న తగవు ఏళ్ల తరబడి నడిచింది. తొలి రోజుల్లో వాటిని వేరుచేసే పద్ధతి చల్లటి డిటర్జెంటులో కణాలను కడగడం. కరగకుండా మిగిలిందే తెప్ప అన్నారు. చలికి నెయ్యి పూస కడితే ఆ పూస వేసవిలోనూ సీసాలో ఉండేదని చెప్పినట్టుంది ఈ వాదన. డిటర్జెంటు, చలి కలిసి లేనిదాన్ని పుట్టించి ఉండవచ్చు కదా! 2003లో షాన్ మన్రో ఇదే నిలదీస్తూ ఒక వ్యాసం రాశాడు. 2006లో ఈ రంగం వాళ్లంతా ఒకచోట చేరి ఒక నిర్వచనానికి వచ్చారు: 10 నుంచి 200 నానోమీటర్ల మధ్య, నిలకడ లేని, స్టెరాల్, స్ఫింగోలిపిడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు. మామూలు సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటే చిన్నవాటిని విడదీసి చూపలేదు. అంటే వెతుకుతున్నది చూపు ఆగిపోయే గీతకు సరిగ్గా అవతల ఉంది. బెంగళూరులో సత్యజిత్ మేయర్, రజత్ వర్మ 1998లోనే కాంతి నుంచి అందిన శక్తి ఒక అణువు నుంచి పక్క అణువుకు దూకే తీరును కొలిచి, కొన్ని ప్రోటీన్లు పొర మీద గుంపులుగా ఉన్నాయని చూపారు. 2009లో స్టెఫాన్ హెల్ బృందం ఆ గీతను దాటే సూక్ష్మదర్శినితో బతికున్న కణంలోనే చూసింది. స్ఫింగోలిపిడ్లు 20 నానోమీటర్ల కంటే చిన్న చోట్లలో, పది ఇరవై మిల్లీసెకన్ల పాటు ఆగి, మళ్లీ కదిలాయి. కూలీల అడ్డా కూడా ఇంత త్వరగా లేవదు.

కబురు అందాక గ్రాహకం పొర మీదే ఉండిపోదు. లోపలికి మింగబడుతుంది. ఇటలీలో పియెర్ పావ్లో డి ఫియోరె బృందం చూపినదాన్ని బట్టి ఈజీఎఫ్ కొంచెమే ఉంటే గ్రాహకాలు క్లాత్రిన్ అనే బుట్టల్లో లోపలికి పోయి చాలావరకు తిరిగి పైకి వస్తాయి, కబురు నడుస్తూనే ఉంటుంది. ఈజీఎఫ్ ముంచెత్తితే మాత్రం కొన్ని కొలెస్ట్రాల్ మీద ఆధారపడ్డ ఇంకో దారిలో లోపలికి పోయి అక్కడే అరిగిపోతాయి. అరిచేవాడి నోరు మూయించడానికి కణానికి ఒక వెనక దారి ఉందన్నమాట.

ఇక్కడ ప్రతి పాఠకుడికీ వచ్చే సందేహం ఒకటుంది. రక్తపరీక్ష రిపోర్టులో కొలెస్ట్రాల్ 240 అని వస్తే కణత్వచాలు కూడా మారిపోతాయా? నెయ్యి మానేస్తే అడ్డాలు చెదిరిపోతాయా? అంత సూటి లెక్క లేదు. కణం తన కొలెస్ట్రాల్‌ను చాలావరకు తానే చేసుకుంటుంది, ఎక్కువైతే చేయడం ఆపేస్తుంది. మెదడైతే రక్తంలోని కొలెస్ట్రాల్‌ను దాదాపుగా లోపలికి రానివ్వదు. శరీర బరువులో అది రెండు శాతమే అయినా ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు నాలుగో వంతు దానిదే, అదంతా సొంత సంపాదన.

అయితే షుగర్ జబ్బు దగ్గర ఈ పొరల కథ ఇంటి గడప దాకా వస్తుంది. ఇన్సులిన్ గ్రాహకం కూడా ఈజీఎఫ్ గ్రాహకంలాగే ఫాస్ఫేట్ గుర్తులు వేసే జాతిది. కొవ్వు కణాల మీద కేవియోలే అనే చిన్న సొట్టలుంటాయి. కేవియోలిన్ అనే ప్రోటీన్ వాటికి రూపమిస్తుంది. ఇన్సులిన్ గ్రాహకం దాన్ని ఆనుకుని ఉంటేనే పని బాగా నడుస్తుంది. జపాన్‌లో ఇనొకూచి బృందం 2007లో చూపిందేమిటంటే, ఇన్సులిన్‌కు మొండికేసిన స్థితిలో జీఎం3 పెరిగి, గ్రాహకాన్ని కేవియోలిన్ నుంచి విడదీస్తోంది. ఎక్కడ పట్టుకుని? పొరకు కాస్త పైన ఉన్న ఒక లైసీన్‌ను. ఈజీఎఫ్ గ్రాహకాన్ని పట్టుకున్న కొవ్వే, దాదాపు అదే చోట.

షుగర్ ముదిరితే అరికాలి పుండ్లు తేలిగ్గా మానవు. గాయం తెరుచుకునే ఉండటానికి చర్మకణాలకు "పెరుగు" అన్న కబురు సరిగా అందకపోవడం కూడా ఒక కారణం. దమ్మాయిగూడకు ఉత్తరాన, శామీర్‌పేట అవతలి జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ కంపెనీ రీజెన్-డి అనే జెల్ తెచ్చింది. అందులో ఉన్నది కోహెన్ ఎలుకల్లో వెతికిపట్టుకున్న ఈజీఎఫ్‌కు మానవ రూపం, జన్యు పద్ధతిలో తయారుచేసింది. మధుమేహ రోగుల కాలి పుండ్లకు, కాలిన గాయాలకు డాక్టర్లు రాస్తారు. ఎలుక పిల్లల కనురెప్పల దగ్గర మొదలైన కథ మందుల షాపు అరలోని ట్యూబు దాకా వచ్చింది.

కబురు అందకపోతే పుండు, ఆగకపోతే కేన్సర్. ఈజీఎఫ్ గ్రాహకం అదుపు తప్పిన ఊపిరితిత్తుల కేన్సర్‌లో వాడే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు, ఏటీపీ కూర్చోవాల్సిన పీట మీద తామే కూర్చుని ఫాస్ఫేట్ గుర్తులు పడనివ్వవు. వీటిని జెఫ్టినాట్, ఎర్లోనాట్ పేర్లతో హైదరాబాద్ కంపెనీ నాట్కో అమ్ముతోంది. నాట్కో పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం ఇంకో మందుతో. సొరాఫెనిబ్ రక్తనాళాల వృద్ధి గ్రాహకాలను, ఎర్క్ దాకా పోయే తీగలోనే ఉన్న రాఫ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. కిడ్నీ, కాలేయ కేన్సర్లలో వాడతారు. బేయర్ కంపెనీ దీన్ని నెక్సావర్ పేరుతో నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ పి. హెచ్. కురియన్ దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సును నాట్కోకు ఇచ్చారు. నెలకు సరిపడా 120 మాత్రలు 8,880 రూపాయలకు మించకూడదని షరతు. నెలకు ఏడు వేలు కూడా మిగలని ఇళ్లకు ఇదీ పెద్ద మొత్తమే, అయినా రెండు లక్షల ఎనభై వేల పక్కన పెట్టి చూడాలి. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2014 డిసెంబరులో అక్కడా ఓడింది.

ఈ మాత్రలన్నీ గ్రాహకం మీదో, తీగ మీదో గురిపెడతాయి. గ్రాహకం నిలబడ్డ పొర మీద గురిపెట్టే ఆలోచన ఇప్పుడిప్పుడే వస్తోంది. రొమ్ము కేన్సర్‌లో హెర్2 అనే గ్రాహకం కొందరిలో విపరీతంగా పెరుగుతుంది. ఈజీఎఫ్ గ్రాహకానికి ఇది చెల్లెలు లాంటిది. దీన్ని పట్టుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో ఆమోదం పొందింది. యాంటీబాడీ పట్టుకోవాలంటే గ్రాహకం కణం పైన నిలబడి ఉండాలి. కొన్ని కణితుల్లో కేవియోలిన్ ఎక్కువై, హెర్2 మాటిమాటికీ లోపలికి జారుకుంటోంది. న్యూయార్క్‌లో జేసన్ లూయిస్ బృందం 2018లో ఎలుకలకు ట్రాస్టుజుమాబ్‌తో పాటు లోవాస్టాటిన్ కూడా ఇచ్చి చూసింది. గుండె రోగులు కొలెస్ట్రాల్ తగ్గడానికి మింగే స్టాటిన్ల జాతి మాత్రే అది. కేవియోలిన్ కొంతకాలం తగ్గింది, హెర్2 పొర మీద ఎక్కువసేపు నిలబడింది, యాంటీబాడీ దాన్ని ఎక్కువగా పట్టుకుంది, కణితి కూడా ట్రాస్టుజుమాబ్ ఒక్కటే ఇచ్చిన ఎలుకల్లో కంటే బాగా అణిగింది.